పరిశోధన వ్యాసంలో ‘కాబట్టి’ నిలబడాలంటే

రాజమండ్రి చుట్టుపక్కల కాలేజీల్లో చరిత్ర చెప్పినవాణ్ణి. ఎం.ఏ. ప్రాజెక్టులు, పీహెచ్‌డీ చాప్టర్లు దిద్దడం నా పనిలో పెద్ద భాగం. సమాచారం చాలని వ్యాసాల కంటే, సమాచారం దండిగా ఉండి వాదన లేని వ్యాసాలే ఎక్కువగా నా చేతికొచ్చాయి. ఆర్కైవ్స్‌లో రోజుల తరబడి కూర్చుని, చెదలు కొట్టిన రికార్డులు ఓపిగ్గా చదివి, పేజీ నిండా ఫుట్‌నోట్లు పెట్టిన పిల్లలు కూడా చివర్లో ‘కాబట్టి’ అని ఒక వాక్యం పడేస్తారు. ఆ మాటకు ముందున్నదానికీ తర్వాత ఉన్నదానికీ పొత్తు కుదరదు. ఆ రెంటినీ ఎలా కలపాలో, కలిపింది నిలుస్తుందో లేదో ఎవరికి వారు ఎలా చూసుకోవాలో చెబుతాను.

మొదటి నుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ పట్టుకుంటాను: ధవళేశ్వరం ఆనకట్ట. మా వైపు విద్యార్థులు దీనిమీద తరచూ రాస్తుంటారు. కాటన్ దొర ఆనకట్ట కట్టాడు, గోదావరి జిల్లా అన్నపూర్ణ అయింది అన్నది చిన్నప్పటి నుంచి విన్న మాట కాబట్టి, జవాబు తెలిసిపోయిందనే ధైర్యంతో మొదలుపెడతారు. జవాబు ముందే తెలుసనుకున్న చోటే వాదన పలచగా వస్తుంది.

ముందు ‘కాదు’ అనడానికి వీలున్న వాక్యం రాయండి

‘గోదావరి డెల్టాలో నీటిపారుదల: ఒక పరిశీలన’ అనేది శీర్షికగా పనికొస్తుంది గాని అందులో వాదన లేదు. దాన్ని ఎవరూ కాదనలేరు, అవుననీ అనలేరు. ఇప్పుడు దీన్ని చూడండి: ‘19వ శతాబ్ది రెండో సగంలో గోదావరి డెల్టా ఆర్థికంగా కోలుకోవడానికి 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ప్రధాన కారణం.’ దీన్ని చదువుకున్న మనిషి ఎవరైనా ‘కాదండీ, నేనొప్పుకోను’ అనగలడు. అలా అనగలిగితేనే మీరు రుజువు చెయ్యడానికి ఏదో ఉందన్నమాట. మన పాత తర్కశాస్త్రమైన న్యాయశాస్త్రంలో దీన్నే ప్రతిజ్ఞ అన్నారు.

ఈ వాక్యంలో ప్రతి మాటా ఒక అప్పు. ‘ప్రధాన’ అన్నారు గనక మిగతా కారణాల కంటే ఇది పెద్దదని చూపాలి. ‘కోలుకోవడం’ అన్నారు గనక అంతకుముందు దెబ్బతిని ఉందని చూపాలి. ‘ఆర్థికంగా’ అంటే ఎవరి ఆర్థికం? రైతుదా, కూలివాడిదా, ఈస్టిండియా కంపెనీ ఖజానాదా? తీర్చగలిగిన అప్పులే ఉంచుకోండి, తక్కినవి వాక్యంలోంచి తీసెయ్యండి. చాప్టరు మొదలుపెట్టక ముందే ఈ పని చేసినవాళ్ళకి సగం తిప్పలు తప్పుతాయి.

మింగేసిన వాక్యాన్ని బయటికి తీయండి

నా దృష్టిలో అసలు పని ఇదే. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఒక అమ్మాయి తన చాప్టర్లో ఇలా రాసుకొచ్చింది: ‘ఆనకట్ట పూర్తయ్యాక జిల్లా నుంచి ప్రభుత్వానికి వచ్చే శిస్తు బాగా పెరిగింది. కాబట్టి రైతుల జీవితాలు మెరుగుపడ్డాయి.’ శిస్తు లెక్కలు సరైనవే. ఎక్కడ తీసుకుందో ఫుట్‌నోటు కూడా ఉంది. నేను పెన్సిల్‌తో ‘కాబట్టి’ చుట్టూ సున్న చుట్టి, ఈ రెండు వాక్యాల మధ్య నువ్వు మనసులో అనుకుని రాయకుండా వదిలేసిన మూడో వాక్యం రాయమన్నాను. కాసేపు ఆలోచించి రాసింది: ‘ఎక్కడ శిస్తు పెరుగుతుందో అక్కడ రైతు బాగుపడతాడు.’

రాసి తనే తలెత్తింది. ‘ఇది నిజం కాదు కదా మాస్టారూ. శిస్తు రేటు పెంచినా వసూలు పెరుగుతుంది.’

అంతే. ఆ మూడో వాక్యం మనసులో ఉన్నంతసేపూ గట్టిగా కనిపిస్తుంది, కాగితం మీద పెట్టగానే దాని బలం ఎంతో తెలిసిపోతుంది. హేతువు ఉన్న ప్రతిచోటా సాధ్యం (మనం రుజువు చెయ్యాల్సింది) కూడా ఉండి తీరుతుందన్న ఈ సంబంధానికి మన తార్కికులు వ్యాప్తి అని పేరు పెట్టారు. కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పు ఉంది అంటే, ‘ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పు ఉంటుంది, వంటింట్లోలాగా’ అన్న వాక్యం పైకి చెప్పి తీరాలని వాళ్ళ నియమం. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం (ఆ నియమం మన విషయానికి వర్తిస్తుందని చూపడం), నిగమనం (తీర్మానం) అన్న ఐదు మెట్లలో మూడోది ఇదే. మనం వ్యాసాల్లో ఒకటి, రెండు, ఐదు రాసేసి మూడు, నాలుగు మింగేస్తాం.

17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. సంస్కృతంలో తర్కం మొదలుపెట్టే పిల్లలు ఇప్పటికీ ఆ చిన్న పుస్తకంతోనే మొదలుపెడతారు. ‘కాశీకి వెళ్ళినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడు’ అని ఒక నానుడే పుట్టింది. ఇంత దగ్గరి సొత్తు చేతిలో ఉండగా, తర్కం అంటే పరాయి పుస్తకాల్లోదనుకుని మన పిల్లలు జంకడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

చెయ్యాల్సిన పని ఇది. చాప్టరు ప్రింటు తీసుకోండి. కాబట్టి, అందువల్ల, దీన్నిబట్టి, ఫలితంగా అన్న మాటలన్నిటికీ సున్నలు చుట్టండి. ప్రతి సున్న పక్కన మార్జిన్‌లో ‘ఎక్కడ ఫలానాదో అక్కడ ఫలానాది’ అన్న మూసలో మింగేసిన వాక్యం రాయండి. కొన్ని రాయగానే సరిపోతాయి. కొన్ని చోట్ల ఏం రాయాలో తోచదు, అంటే అక్కడ వాదనే లేదని అర్థం. మిగిలినవి చూడ్డానికే బలహీనంగా ఉంటాయి. వాటికి మరో ఆధారమైనా వెతకాలి, తీర్మానాన్నయినా తగ్గించుకోవాలి. ఆ అమ్మాయి తగ్గించుకుంది: ‘సాగు విస్తీర్ణం ఎంత పెరిగిందో, ఎకరానికి పడ్డ శిస్తు ఎంత పెరిగిందో పోల్చి చూస్తే తప్ప రైతుకు మిగిలిందేమిటో చెప్పలేం’ అని రాసి, ఆ పోలికకు కావలసిన లెక్కల కోసం మళ్ళీ రికార్డుల దగ్గరికి వెళ్ళింది. చాప్టరు ఆలస్యమైంది గాని మంచి చాప్టరయింది.

‘తర్వాత’ వేరు, ‘వల్ల’ వేరు

తాటిచెట్టు మీద కాకి వాలగానే పండు రాలితే, అది కాకి వల్ల కాదు, రెండూ యాదృచ్ఛికంగా కలిసొచ్చాయనడాన్ని కాకతాళీయ న్యాయం అంటారు. 1852కి ముందు జిల్లా దీనస్థితిలో ఉంది. 1832-33 నందన కరువు, 1839లో కాకినాడ దగ్గరి కోరంగి రేవును ముంచిన తుపాను, జిల్లా క్షీణతపై 1844లో హెన్రీ మాంట్‌గొమరీ ఇచ్చిన నివేదిక, ఇవన్నీ అందుకు సాక్ష్యాలే. 1852 తర్వాత స్థితి మారింది. ఇంతవరకు మనకు తెలిసింది కాలక్రమం మాత్రమే.

ఆ రోజుల్లోనే ఇంకేం మారాయి? 1820ల నుంచి 1850ల మొదటి దాకా మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా ధాన్యం ధరలు పడిపోయి ఉన్నాయి. ఆ తర్వాత పెరగడం మొదలైంది. బకాయిలు పడ్డ జమీందారీలు కొన్ని 1840లలో ప్రభుత్వం చేతికి వచ్చాయి. ఈ మార్పులు కూడా రైతు స్థితిని కదిలించగలిగినవే. వాటి పేరెత్తకుండా ఆనకట్ట ఒక్కదానికే గొప్పంతా కట్టబెడితే, వైవాలో మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.

తెలుగులో రాసేవాళ్ళకి ఇక్కడ ప్రత్యేకంగా ఒక ప్రమాదం ఉంది. ‘ఆనకట్ట కట్టి, కాలువలు తవ్వి, పంటలు పెరిగి, వర్తకం విస్తరించి, జనం సుఖపడ్డారు’ అని అసమాపక క్రియలు దండ గుచ్చితే వాక్యం చక్కగా సాగిపోతుంది. కాని ప్రతి ‘ఇ’ దగ్గరా ఒక కారణ సంబంధాన్ని రుజువు లేకుండా ఒప్పించేస్తున్నాం. కథకు ఇది సొగసు, పరిశోధనకు చేటు. అలాంటి వాక్యం కనబడితే ముక్కలు చెయ్యండి. కాలువలు తవ్వారు, సరే. పంటలు పెరిగాయనడానికి లెక్కేది? ఏ పంట? వర్తకం విస్తరించింది పంట వల్లా, కాలువల్లో పడవలు తిరగడం వల్లా? ముక్కలు చేస్తే ఒక్కో దానికీ విడిగా ఆధారం అడగొచ్చు.

‘భావించబడుతోంది’, ‘చెప్పబడింది’ కూడా ఇలాంటివే. ఎవరు భావించారో దాచేసే క్రియలవి. పేరు పెట్టి ‘ఫలానావారు అన్నారు’ అని రాయండి, లేదా ‘నేననుకుంటున్నాను’ అని బాధ్యత తీసుకోండి. ‘నిస్సందేహంగా’, ‘అందరికీ తెలిసినట్టే’ అన్నవి నేను చూసిన చోటల్లా కొట్టేస్తాను. రుజువు ఉంటే అవి అక్కర్లేదు, లేకపోతే నిలబెట్టలేవు.

ఎదురు ఉదాహరణను మీరే వెతకండి

వ్యాప్తిని పరీక్షించడానికి రెండు వైపుల నుంచి చూడాలి. కారణం ఉన్నచోట ఫలితం ఉందా అన్నది అన్వయం. కారణం లేనిచోట ఫలితం కూడా లేదా అన్నది వ్యతిరేకం.

మన ఉదాహరణకి అన్వయం సులభంగా దొరుకుతుంది. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. కృష్ణా డెల్టా కూడా వరి సాగులో అలాగే ముందుకెళ్ళింది. వ్యతిరేకానికి జిల్లా దాటనవసరం లేదు. అదే జిల్లాలో కాలువ ఎక్కని మెట్ట గ్రామాలున్నాయి. ధరలు పెరిగితే డెల్టాకూ మెట్టకూ కలిపే పెరిగాయి కదా. మెట్ట అంతగా మారకుండా డెల్టా మాత్రమే మారిందని మీ లెక్కలు చూపగలిగితే, ధరల వాదానికి మీరు నిజమైన జవాబు చెప్పినట్టే. ఒక జిల్లాను దాని గతంతోనే కాక దాని పొరుగుతోనూ పోల్చడం ఇందుకే. విద్యార్థులు ఎందుకో ముందు-తర్వాత పోలిక దగ్గరే ఆగిపోతారు.

తర్వాతది కష్టమైన మెట్టు. కారణం ఉండి ఫలితం రాని చోటు వెతకాలి. మనకది కర్నూలు-కడప కాలువ రూపంలో దొరుకుతుంది. కాటన్ ప్రోత్సాహంతోనే ఒక ప్రైవేటు కంపెనీ తుంగభద్ర మీద సుంకేశుల దగ్గర నుంచి ఆ కాలువ తవ్వించింది. 1870 ప్రాంతానికి నీళ్ళు పారాయి. కాని మామూలు ఏళ్ళలో ఆ నీళ్ళు తీసుకోవడానికి రైతులు పెద్దగా ముందుకు రాలేదు. నల్లరేగడిలో జొన్న, పత్తి లాంటి వర్షాధార పంటలకు అలవాటుపడ్డ సీమ అది. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి, చివరికి 1882లో ప్రభుత్వం దాన్ని కొనేసింది. ఈలోపు 1876-78 ధాత కరువు కర్నూలు జిల్లాను కుదిపేసింది. నీరు వచ్చింది, సంపద రాలేదు.

‘ఇది రాస్తే నా వాదన దెబ్బతింటుంది కదా మాస్టారూ, వదిలేస్తానండీ’ అంది ఆ అమ్మాయే. ‘నువ్వు వదిలేస్తే బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ వదలరమ్మా. పైగా నీ వాదన బాగుపడేది దీనితోనే’ అన్నాను.

ఎలా బాగుపడుతుందో తార్కికుల ఉదాహరణే చెబుతుంది. పొగను బట్టి నిప్పును ఊహించవచ్చు. తిప్పేసి, ‘నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంది’ అంటే కుదరదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే నిప్పుకు తోడు పచ్చి కట్టెలుండాలి. చెప్పకుండా దాక్కున్న ఈ షరతుకు ఉపాధి అని పేరు. కర్నూలు-కడప కాలువ మనకు ఆ ఇనుప గుండు. దాన్ని చూశాక అడగాల్సిన ప్రశ్న: గోదావరిలో ఉండి కర్నూలులో లేని పచ్చి కట్టెలు ఏవి? వరికి అనువైన ఒండ్రు నేల, ముందు నుంచీ ఉన్న వరి అలవాటు, సరుకు మోసే పడవ కాలువలు, చేరువలో కాకినాడ రేవు. ఇప్పుడు ప్రతిజ్ఞను తిరగరాయండి: ‘వరి సాగు అలవాటున్న ఒండ్రు నేలకు, రేవుతో కలిపే పడవ మార్గాలున్న చోట, ఆనకట్ట నీరు అందడం డెల్టా కోలుకోవడానికి ప్రధాన కారణం.’ వాక్యం పొడుగైంది, పరిధి తగ్గింది, బలం పెరిగింది. దీన్ని కాదనాలంటే ఇప్పుడు ఎదుటివాడు శ్రమపడాలి.

పూర్వపక్షాన్ని బలంగా రాయండి

శాస్త్ర గ్రంథాల్లో సిద్ధాంతానికి ముందు పూర్వపక్షం వస్తుంది. ఎదుటివాడి మాటను అతనికంటే బాగా చెప్పి, ఆ తర్వాత ఖండించేవారు. మన వ్యాసాల్లో మాత్రం ‘కొందరు దీన్ని విమర్శిస్తారు, కాని అది సరికాదు’ అని రెండు ముక్కల్లో తేల్చేస్తాం. ఆ కొందరెవరు? వాళ్ళ హేతువేమిటి?

ఆనకట్ట విషయంలో గట్టి పూర్వపక్షం ఇలా ఉంటుంది: ‘కంపెనీ ప్రభుత్వం పెట్టుబడికి వచ్చే రాబడి చూసుకునే ఆనకట్టకు ఒప్పుకుంది. కాటన్ నివేదికల్లోనే రాబడి అంచనాలున్నాయి. లాభం భూమి ఉన్నవాళ్ళకూ ఖజానాకూ పోయింది. భూమి లేని కూలీలు కాకినాడ నుంచి ఓడలెక్కి రంగూన్ పోతూనే ఉన్నారు. బర్మాలో తెలుగువాళ్ళకు కోరంగీలన్న పేరు ఊరికే రాలేదు.’ దీన్ని ఒక పేరా నిండా, మొహమాటం లేకుండా రాయండి. ఆ పక్షంవాడు చదివి ‘అవును, నేననేది ఇదే’ అనాలి. తర్వాత జవాబివ్వండి. ఇందులో ఒప్పుకోవాల్సింది ఉంటే ఒప్పుకోండి. రాబడి కోసం కట్టారన్నది నిజమైనా, దానివల్ల ‘డెల్టా కోలుకోలేదు’ అని తేలదు. కట్టిన ఉద్దేశం ఒకటి, కట్టినదాని ఫలితం మరొకటి. కూలీల వలస మాత్రం మీ వాదనను నిజంగానే తాకుతుంది. ‘కోలుకోవడం’ అందరికీ సమానంగా అందలేదని మీ ప్రతిజ్ఞలోనే చెప్పాల్సి రావచ్చు.

ఇతరుల వాదన చదివేటప్పుడు

పుస్తకం గాని వ్యాసం గాని ముందు పెట్టుకుని, రచయిత ప్రతిజ్ఞను మీ మాటల్లో ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతే ఇంకా చదవడం కాలేదన్నమాట. తర్వాత ఆధారాలు ఏరండి. 1878లో జిల్లా వివరణ రాసిన హెన్రీ మోరిస్ మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి. 1907 నాటి గెజిటీరు రాసిన హెమింగ్వే కూడా ప్రభుత్వ అధికారే. అంతమాత్రాన వాళ్ళ అంకెలు తప్పని కొట్టెయ్యకూడదు. మనిషిని బట్టి మాటను తోసిపుచ్చడం కూడా వాదన లోపమే. సాగు ఎకరాల విషయంలో వాళ్ళ రికార్డే మనకు దిక్కు. ‘ప్రజలు సంతృప్తిగా ఉన్నారు’ అన్నప్పుడు మాత్రం, ఆ మాట ఎవరిని అడిగి రాశారని అడగాలి.

లోపాలు పట్టుకోవడానికి హేత్వాభాసల (హేతువుల్లా కనిపించే తప్పుడు హేతువుల) పేర్లు గుర్తుంటే చాలా తేలిక. ‘జనాభా పెరిగింది కాబట్టి సంపద పెరిగింది’ అన్నది సవ్యభిచారం, సంపద పెరగని చోట్ల కూడా జనాభా పెరుగుతుంది గనక. ‘ఆనకట్టకు ముందు ఇక్కడ సేద్యమే లేదు గనక’ అని మొదలుపెడితే అసిద్ధం. చెరువులు, వరద కాలువల కింద సేద్యం అప్పటికే ఉంది, హేతువే నిలవదు. ‘ఆనకట్టతో గోదావరి వరదల బెడద తీరింది’ అంటే బాధితం, కళ్ళారా చూసిందే దాన్ని కాదంటుంది. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళు మా ఊళ్ళలో ఇంకా ఉన్నారు. విరుద్ధం చాలా అరుదు గాని దొరికితే విడవకండి. ‘రంగూన్‌కి అంతమంది పనికోసం వెళ్ళారు గనక డెల్టాలో అందరికీ చేతినిండా పని ఉండేది’ అన్న ధోరణి వాక్యాన్ని నేనొకసారి నిజంగానే చదివాను. ఆ హేతువు సరిగ్గా తిరగబడి అవతలి పక్షాన్నే రుజువు చేస్తుంది. ఇక రెండు వైపులా సమాన బలమున్న హేతువులుంటే సత్‌ప్రతిపక్షం. అప్పుడు ఇంకా తేలలేదని రాయడమే నిజాయితీ.

లోపం కనబడగానే రచయిత ఓడిపోయాడని రాసెయ్యకండి. హేతువు తప్పయినా తీర్మానం నిజమై ఉండొచ్చు. ‘ఈ ఆధారంతో ఇది రుజువు కాలేదు’ అనండి. ‘ఇది అబద్ధం’ అనాలంటే దానికి వేరే ఆధారం మీరే తేవాలి. సమీక్షా అధ్యాయాల్లో ఈ తేడా పాటించే విద్యార్థి దొరికితే ఆ రోజు నాకు పండగే.

ముగింపు అధ్యాయం రాసే ముందు మీ సబ్జెక్టు కాని స్నేహితుడికి చాప్టరిచ్చి, మూడు ప్రశ్నలు అడగండి. నేనేం రుజువు చేస్తున్నాను? దేన్ని బట్టి? నన్ను ఎవరు కాదంటారు, ఎందుకు? అతను చెప్పిన జవాబులు అలాగే, మీరు సర్దకుండా, కాగితం మీద రాసుకోండి. మీరు అనుకున్నదానికీ అతను చెప్పినదానికీ తేడా వచ్చిన చోట అతనికి నోటితో వివరించకండి. ఆ వివరణను చాప్టర్లోకి ఎక్కించి, ఈసారి ఇంకొకరికి ఇవ్వండి.